పరిశోధక విద్యార్థులకు డేటా పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

హనుమకొండ అధ్యాపకురాలు: మా పరిశోధక విద్యార్థులు ఎనుమాముల మార్కెట్‌లో తిరిగి పత్తి ధరలు సేకరించి ఎక్సెల్‌లో రాస్తున్నారు. ఒకచోట హనుమకొండ, మరోచోట హన్మకొండ. తేదీల్లో రోజు ముందో, నెల ముందో తెలియదు. అంత శ్రమ ఇలా చెడిపోతుంటే చూడలేకపోతున్నాను. డేటా విశ్లేషణకు వాడే ప్రోగ్రామింగ్ భాషల్లో నేరుగా ఆర్ నేర్పాలా, పైథానా?

కరీంనగర్ గ్రంథాలయ ఉద్యోగి: ఇప్పుడే రెండూ వద్దండి. ముందు ఓపెన్‌రిఫైన్ చూపించండి, చిందరవందర డేటాను శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్, ఉచితం. అందులో దాదాపు ఒకేలా ఉన్న పేర్లను గుంపులుగా చూపే క్లస్టరింగ్‌లో, ఎన్ని అక్షరాలు తేడానో లెక్కించే లెవెన్‌స్టైన్ పద్ధతి ఎంచుకుని, బ్లాక్ అక్షరాల సంఖ్యను (రెండు పేర్లను పోల్చాలంటే వాటిలో వరుసగా కలవాల్సిన అక్షరాలు) 6 నుంచి 4కు తగ్గించండి. మన ఊరిపేర్లు చిన్నవి కదా, లేకపోతే దొరకవు. కలపాలో వద్దో మాత్రం విద్యార్థే నిర్ణయించాలి. చేసిన ప్రతి మార్పూ నమోదవుతుంది, వెనక్కి వెళ్లవచ్చు.

వరంగల్ జన్యుశాస్త్ర పరిశోధకుడు: తేదీలను తేలిగ్గా తీసుకోకండి మేడమ్. మార్చ్1 అనే జన్యువు పేరును ఎక్సెల్ మార్చి 1వ తేదీగా మార్చేస్తుండేది. చివరికి అలాంటి జన్యువుల పేర్లే మార్చారు. 2020లో ఆ సంగతి వార్తల్లోకి వచ్చింది. సంవత్సరం, నెల, రోజు వేర్వేరు నిలువు వరుసల్లో రాయించండి. ఆర్ ఆ తర్వాతే.

అధ్యాపకురాలు: ఇద్దరికీ ధన్యవాదాలు. వాళ్ల సొంత ఫైళ్లతోనే నేర్పుతాను. మా ల్యాబ్‌లో ఇంటర్నెట్ నిలకడగా ఉండదు, పరవాలేదా?

గ్రంథాలయ ఉద్యోగి: ఒకసారి దించుకుంటే చాలు. ఈ పనంతా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది.