మంగు మచ్చలకు మూడు మందుల క్రీము: చీటీ లేకుండా కొనుక్కోవచ్చా?

గోదారమ్మాయి:
బాబు పుట్టాక రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. మా వీధి మెడికల్ షాపులో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ కలిసిన క్రీము ఇచ్చారు. నెల తిరక్కుండానే చాలావరకు పలచబడింది. డాక్టరు దగ్గరికెళ్లినా రాసేది అదేగా? ఫీజు దండగ కాదా?

ఓరుగల్లు వనజ:
మందు అదే కావచ్చు చెల్లీ, కానీ ఎప్పుడు ఆపాలో ఎవరు చెప్తారు? అందులో మోమెటాసోన్ స్టెరాయిడ్. ఇలాంటి క్రీమును కొన్ని వారాలకే రాస్తారు, ఆ తర్వాత ఆపించడమో తగ్గించడమో చేస్తారు. మా ఆడపడుచు ఏళ్ల తరబడి రాసింది. చర్మం పలచబడి సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తున్నాయి, గడ్డం మీద వెంట్రుకలు మొలిచాయి. మానేస్తే ఎర్రగా మండుతోందని మళ్లీ రాసుకునేది. హైడ్రోక్వినోన్‌ను ఏళ్లపాటు వాడితే కొందరికి నీలం కలిసిన నలుపు మచ్చలు పడతాయి, అవి మంగు కంటే మొండివి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. చర్మవైద్యుల సంఘం ఎన్నాళ్లో పోరాడితే వచ్చిందది. షాపువాళ్లు ఇంకా చేతికిచ్చేస్తుంటే నాకు కడుపు మండిపోతుంది.

పాలమూరు రైతుబిడ్డ:
మీరన్నది ఒప్పుకుంటా అక్కా. కానీ మా మండలంలో చర్మం డాక్టరే లేడు. ఎండలో కలుపు తీసే ఆడవాళ్లకే మంగు ఎక్కువ, వాళ్లు ఒకరోజు కూలి వదులుకొని జిల్లా కేంద్రానికి పోవాలి. వద్దనడం తేలిక, బదులుగా ఏం వాడాలో కూడా చెప్పండి.

ఓరుగల్లు వనజ:
న్యాయమైన మాట తమ్ముడూ. నీడ, వెడల్పు అంచు టోపీ, ముఖానికి చుట్టుకున్న కొంగు ముందు. వీలైతే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేతరంగు సన్‌స్క్రీన్. మన చాయ చర్మాల్లో మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది, రంగులేని సన్‌స్క్రీన్లు దాన్ని సరిగ్గా ఆపవు. స్టెరాయిడ్ లేని అజెలాయిక్ ఆసిడ్ క్రీము ఉంది, నెమ్మదిగా పనిచేస్తుంది. మంగుకు కొందరు వాడే ట్రానెక్సామిక్ ఆసిడ్ మాత్రలు మాత్రం సొంతంగా మింగొద్దు. రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లకు, గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లకు ప్రమాదం.

గోదారమ్మాయి:
అయితే ఈరోజే ఆపేయనా? బాబు ఇంకా పాలు తాగుతున్నాడు.

ఓరుగల్లు వనజ:
పాలిస్తున్నావా! ఆ మాట ముందే చెప్పాల్సింది. ఇంక రాయకు. ట్యూబు పట్టుకుని ఈ వారంలోనే ప్రభుత్వాసుపత్రి స్కిన్ ఓపీకి వెళ్లు, పాలిస్తున్న సంగతి మొదటి మాటగా చెప్పు. ఈలోగా మంట, ఎరుపు మొదలైతే మళ్లీ అదే క్రీము పూయొద్దు, అప్పాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెళ్లిపో.