వరండాకి సోలార్ లైట్లు: మన వైజాగ్‌లో పనికొస్తాయా, డబ్బు దండగా?

ఎంవీపీ వాసి:
మాది ఎంవీపీ కాలనీలో గ్రౌండ్ ఫ్లోర్. ముందు పొడవాటి వరండా, దాని మీద స్లాబు, నాలుగు మెట్లు, గేటు. మా అత్తగారికి డెబ్బై దాటాయి. తెల్లవారకముందే ముగ్గు వేయడానికి మెట్లు దిగుతారు. అక్కడ వెలుతురు ఉండాలి. సోలార్ లైట్లు పెడదామని నేనంటున్నాను, బల్బు ఉండగా అవెందుకని మా ఆయన అంటున్నారు. ఇంట్లో ఇది తేలేలా లేదు. వాడినవాళ్లు, వద్దనేవాళ్లు కారణాలతో సహా చెప్పండి.

తీగల మనిషి, గాజువాక:
మేడం గారూ, నేను వైరింగ్ పని చేస్తాను, కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా వెలిగితే నెలకి మూడుంపావు యూనిట్లు అవుతుంది. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా ఖర్చు 20 రూపాయలు దాటదు. ఐదారు వందలు పెట్టి కొన్న సోలార్ లైటు ఆ డబ్బు తిరిగి తేవాలంటే రెండేళ్లకి పైగా చెడిపోకుండా ఉండాలి.

పోనీ వెలుతురైనా అంత వస్తుందా అంటే, రాదు. ఈ చిన్న లైట్లలో చాలావాటికి లోపల ఒకటే 18650 సెల్లు, అంటే వేలంత లిథియం బ్యాటరీ ఉంటుంది. దాని కెపాసిటీ 2000 ఎంఏహెచ్ అనుకుంటే అందులో నిలవుండే కరెంటు ఏడు వాట్-అవర్ల పైచిలుకు. దాన్ని 12 గంటలకి సర్దితే లైటుకి అందేది అర వాటు చిల్లర. ఆ 9 వాట్ల బల్బు 900 ల్యూమెన్ల దాకా వెలుతురు ఇస్తుంటే ఇది 60 ఇస్తే గొప్ప. డబ్బా మీద వంద ఎల్‌ఈడీలు అని వేస్తారు. ఎల్‌ఈడీలు ఎన్ని ఉన్నా సెల్లులో ఉన్నంతే కదా వెలిగేది!

ఇక మన ఊరి ఉప్పుగాలి. డబ్బా మీద రాసే ఐపీ65 అంటే దుమ్ము దూరదు, నీళ్లు చిమ్మినా లోపలికి పోవు అని అర్థం. ఉప్పుకి తట్టుకుంటుందని ఎక్కడా లేదు. బీచ్ వైపు ఇళ్లలో నేను విప్పిన లైట్లలో ముందు స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి, తర్వాత సెల్లు కాంటాక్టుల మీద పచ్చటి చిలుము. మెట్ల దగ్గర మనిషి కదిలితే వెలిగే సెన్సర్ హోల్డర్ ఒకటి పెట్టించండి, మామూలు బల్బు బిగించండి. చాలు.

వన్‌టౌన్ అరుగు:
బాబూ, నీ లెక్క కరెంటు ఉన్న రోజులది. 2014 అక్టోబర్ 12 మర్చిపోయావా? హుద్‌హుద్ వచ్చి వెళ్లాక స్తంభాలు నేలమీద, తీగలు చెట్ల మీద. ఎన్ని రాత్రులు చీకట్లో ఉన్నాం! సెల్‌ఫోన్లు చచ్చిపోయాయి, కొవ్వొత్తులు దొరకలేదు, దొరికినా గాలికి నిలవలేదు. తుఫాను దాటాక ఎండ మాత్రం వచ్చింది. మా వీధిలో సోలార్ లైటు ఉన్న ఒక్క ఇంటి అరుగు మీదే ఆడవాళ్లం కూర్చుని పిల్లలకి అన్నాలు పెట్టుకున్నాం. ఆ వెలుతురుని నెలకి 20 రూపాయల లెక్కన చూడలేను. పెద్దావిడ ఉన్న ఇంట్లో కరెంటుతో పని లేని లైటు ఒకటి ఉండి తీరాలి.

ఇంకో సంగతి. మా వైపు ప్యానెల్ మీద నల్లటి ధూళి పేరుకుంటుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడవకపోతే సగం వెలుతురు కూడా రాదు.

మధురవాడ డాబా:
ఈ చిన్న చిన్నవన్నీ ఎందుకండీ? కేంద్రం వాళ్ల పీఎం సూర్యఘర్ పథకం కింద మేడ మీద 3 కిలోవాట్లు పెట్టించుకుంటే 78,000 సబ్సిడీ వస్తుంది. వరండా ఏంటి, ఇల్లంతా సోలారే అవుతుంది. తుఫానుకీ భయం లేదు.

తీగల మనిషి, గాజువాక:
సబ్సిడీ మాట నిజమే, పెట్టించుకోండి, మంచి పని. కానీ తుఫానుకి భయం లేదనడం తప్పు. బ్యాటరీ లేకుండా లైనుకి కలిపే గ్రిడ్ సిస్టమ్‌లో లైను కరెంటు పోగానే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. లైను మీద పని చేసే మనిషికి మన ప్యానెల్ కరెంటు తగలకూడదనే అలా చేస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. కరెంటు లేనప్పుడు వెలుతురు కావాలంటే బ్యాటరీ ఉండాల్సిందే.

అమ్మా, మీ హుద్‌హుద్ మాట కాదనను. కానీ ఆ గాలికి గోడకి బిగించిన లైటు నిలబడుతుందని నమ్మకం ఏంటి? దానికోసమే అయితే ఇంట్లో దాచుకునే సోలార్ లాంతరు కొనండి. అది కూడా సోలారే.

వన్‌టౌన్ అరుగు:
లాంతరు అలమరలో ఉంటుంది, ఛార్జింగ్ ఎవరికీ గుర్తుండదు. రోజూ వెలిగేదైతే చెడితే ఆ రోజే తెలుస్తుంది. తుఫాను హెచ్చరిక రాగానే ఇప్పి లోపల పెట్టుకుంటాం, తగ్గాక బిగించుకుంటాం. దానికేం కష్టం?

తీరం వెంట, సాగర్‌నగర్:
ఇంతమంది మాట్లాడారు గానీ ఆ లైటు ఎటువైపు చూస్తుందో ఎవరూ అడగలేదు. నాకు అదే ముఖ్యం. మన తీరానికి చలికాలం నుంచి ఎండాకాలం మొదటి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖ వాళ్లు గుడ్లు ఏరి హేచరీల్లో పొదిగిస్తారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, ఎక్కువగా రాత్రిపూటే. అప్పుడు ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు నడుస్తాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది. మన ఇళ్ల లైట్లు దాన్ని మించిపోతే పిల్లలు రోడ్డు వైపు తిరుగుతాయి. అక్కడ కుక్కలు, కాకులు, బండ్లు. హేచరీ దాకా చేరని గుడ్లు ఇసుకలోనే ఉండిపోతాయి, వాటి పిల్లలకి దారి చూపించేవాళ్లు ఎవరూ ఉండరు. ఇవి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జీవులు, పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది.

సోలార్ లైటుకి బిల్లు రాదు కాబట్టి రాత్రంతా వెలగనిస్తాం. నాకు భయం అక్కడే. తీరం వైపు ఇల్లున్నవాళ్లు దయచేసి తెల్లటి లైటు వద్దు, నారింజ రంగుది తీసుకోండి. పైన మూత ఉండి వెలుతురు మెట్ల మీదకే పడాలి. మనిషి వచ్చినప్పుడే వెలిగే సెన్సర్‌ది అయితే మరీ మంచిది.

ఎంవీపీ వాసి:
మా గేటు సముద్రం వైపు కాదండీ, అయినా నారింజ రంగుదే చూస్తాను. అత్తగారికి కళ్లలో కొట్టకుండా ఉంటుంది కూడా. ఒక్క సందేహం: వరండా మీద స్లాబు ఉంది, ఎండే పడదు. ఛార్జింగ్ ఎలా అవుతుంది?

తీగల మనిషి, గాజువాక:
ప్యానెల్ లైటుకే అతికి ఉన్న రకం మీకు అస్సలు పనికిరాదు. ప్యానెల్ విడిగా, మధ్యలో పొడుగు వైరు ఉన్నది అడగండి. ప్యానెల్‌ని మేడ మీద పిట్టగోడకి దక్షిణం వైపు కాస్త వాలుగా బిగించాలి. మన ఊరు 17 డిగ్రీల అక్షాంశం పైన ఉంది కాబట్టి వాలు కూడా సుమారు అంతే ఉంటే బాగుంటుంది. వీధి దీపం వెలుతురు ప్యానెల్ మీద పడకుండా చూసుకోండి, పడితే ఇంకా పగలే అనుకుని లైటు వెలగదు. సెల్లు ఉన్న డబ్బా మాత్రం వరండాలో నీడనే ఉంచండి, ఎండకి కాగితే సెల్లు తొందరగా పోతుంది. సెల్లు రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అని రాసి ఉన్నది దొరికితే అదే కొనండి. స్క్రూలు పారేసి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయండి.

ఇంత చెప్పినా నా మాట మారలేదు. ముసురు పట్టిన వారంలో ఆ మెట్ల మీద సోలార్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సెన్సర్ బల్బు కూడా ఉండాలి.

వన్‌టౌన్ అరుగు:
రెండూ పెట్టుకోమ్మా. సెల్లు పాడయ్యాక చెత్తబండిలో వేయకు, నేరుగా కాపులుప్పాడ చెత్త డంపుకి చేరుతుంది. 2022లో వచ్చిన బ్యాటరీ నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసినవాళ్లదే. కొనేటప్పుడే షాపులో అడిగి ఉంచుకో.

ఎంవీపీ వాసి:
అడుగుతాను. మా ఆయన సెన్సర్ హోల్డర్‌కి ఒప్పుకున్నారు. సోలార్‌ది ఒకటే ముందు తెచ్చి, వానాకాలం గడిచాక రెండోదాని సంగతి చూద్దామంటున్నారు.