వైన్ నాణ్యతను వాసనతోనే తేల్చవచ్చా?

పడమటిగాలి: నిన్న స్నేహితుడి ఇంట్లో పదేళ్ల నాటి జర్మన్ రీస్లింగ్ అనే తెల్ల వైన్ తెరిచారు. గ్లాసు ముక్కు దగ్గరకు రాగానే గుప్పున కిరసనాయిలు వాసన. పాడైపోయిందన్నాను నేను. ఇదే దాని గొప్పతనమన్నారు ఆయన. ఎవరిది సరి?

ద్రాక్షతోట: ఆయనదే. ఆ వాసన టీడీఎన్ అనే పదార్థానిది. ద్రాక్షలోని కెరోటినాయిడ్ల నుంచి పుడుతుంది, ఎండ బాగా తగిలిన పండులో ఎక్కువ, సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. నాసిక్‌లో పన్నెండేళ్లుగా వైన్ నాణ్యత తేల్చే పనిలో ఉన్నాను. మేం మొదట వెతికేది దోషాలనే. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా నుంచి టీసీఏ అనే పదార్థం చేరినట్టు. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. గోళ్లరంగు వాసనైతే ఇథైల్ ఎసిటేట్ మితిమీరినట్టు. ఇవేవీ లేవని తేలాక పళ్లు, పూలు, పీపా కలప ఎంత స్పష్టంగా ఉన్నాయో, ఎంతసేపు నిలుస్తున్నాయో చూస్తాం. నోట్లో పోసుకునేలోపే ముప్పాతిక తీర్పు అయిపోతుంది.

శేషు_42: ఒప్పుకోను. 2001లో వెలువడిన, ఫ్రాన్స్‌లోని బోర్డోలో చేసిన ప్రయోగం చూడండి. వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. కంటికి లొంగిపోయే ముక్కు తీర్పరి ఎలా అవుతుంది?

ద్రాక్షతోట: రంగు మోసం చేస్తుందని తెలుసు కనుకనే లోపలి రంగు కనబడని నల్ల గ్లాసులు వచ్చాయి.

కల్యాణి: కిరసనాయిలు అనగానే నాయనమ్మ లాంతరు గుర్తొచ్చింది. నాకైతే అది మంచి వాసనే.

శేషు_42: గ్లాసు రంగు నేనడగలేదు. ఆ 54 మంది సంగతి చెప్పండి.

ద్రాక్షతోట: వాళ్లు విద్యార్థులు శేషుగారూ, నిపుణులు కాదు. ఎన్నిసార్లు ఆ ఒక్క ప్రయోగమే పట్టుకుంటారు?

శేషు_42: నిపుణులంటే ఎవరండీ? రెండేళ్ల కిందట ఒక వైన్ కోర్సు పరీక్షలో సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ ఇచ్చారు. జామపండు, పచ్చిమిరపకాయ అని రాశాను. ప్యాషన్ ఫ్రూట్, గూస్‌బెర్రీ అని ఉండాలంటూ మార్కులు కోశారు. గూస్‌బెర్రీని నేను జన్మలో చూడలేదు. జామచెట్టు కింద పెరిగాను. వాసన తెలియదని నా మొహం మీదే అన్నారు.

ద్రాక్షతోట: ఈ మాట ముందే చెప్పి ఉండవలసింది. మీరు రాసింది తప్పు కాదు. ఆ వైన్‌లోని గంధకపు సమ్మేళనాలు జామపండులోనూ ఉన్నాయి. పచ్చిమిరపలోని పైరజీన్ అనే పదార్థం కూడా అందులో ఉంటుంది. కానీ లండన్‌లో కొనే మనిషికి జామ తెలియకపోవచ్చు. అందరికీ ఒకే పదపట్టిక కావాలి. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త 1984లో వైన్ వాసనల పేర్లన్నీ అమర్చిన వాసనల చక్రం రూపొందించింది అందుకే.

శేషు_42: లండన్ మనిషికి తెలియకపోతే నాకు మార్కులు పోవాలా? నా ముక్కు సరిగానే పట్టింది. పేరు మా పెరటిది, అంతే. మీ పట్టికలో పేరున్న వాసనే నాణ్యత అంటున్నారు మీరు. నా గొడవంతా అక్కడే.

కల్యాణి: పట్టిక ఉన్నా ముక్కులన్నీ ఒకటి కావు. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాల వాసన తెచ్చే రోటండోన్ అనే పదార్థం ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి అందదు. వాళ్ల తీర్పును ఏం చేస్తారు?

ద్రాక్షతోట: అందుకే ఒకరి మాట మీద ఆధారపడం, బృందంగా కూర్చుంటాం. శేషుగారూ, మీకు ఒక సంగతి చెప్పాలి. మస్కట్ ద్రాక్ష వైన్ గ్లాసు చేతికి వస్తే నాకు మొదట తోచేది ధనియాలు. రెండింటిలోనూ లినలూల్ అనే వాసన పదార్థం ఉంది కనుక అది సరైన పోలికే. అయినా పన్నెండేళ్లుగా కాగితం మీద నారింజపూలు అనే రాస్తున్నాను. ఒక్కసారీ ధనియాలు అని రాయలేదు. అలాగని పట్టిక వదిలేయమనను. ఇద్దరు ఒకే సీసా గురించి మాట్లాడుకోవాలంటే ఉమ్మడి మాటలు ఉండాలి.

శేషు_42: ఉండాలి. ఆ ఉమ్మడి మాటల్లో ధనియాలు ఎందుకు లేవు?

పడమటిగాలి: ఆ రీస్లింగ్ సగం సీసా మిగిలింది. ఈ రాత్రి మళ్లీ వాసన చూస్తాను.