కొల్లేటి గట్టున రాత్రి గుడారం వేసుకోవచ్చునా?

వేకువ_నడక: మేము భీమవరం మిత్రులం కొందరం ఆకివీడు వైపు నుంచి కొల్లేటి గట్టు మీద తెల్లవారుజామున నడుస్తుంటాము. గూడబాతులు మంచులో మేతకు లేచే వేళను అందుకోవాలంటే ముందు రాత్రే గట్టున గుడారం వేసుకోవడం మేలని నా అభిప్రాయం. చెత్త మూటగట్టి వెంట తెచ్చుకుంటాము, ఇటుకలు పేర్చి చిన్న పొయ్యి వెలిగించుకుంటాము. ఇందులో తప్పేమున్నది?

లంక_వాసి: నడకకు మేమెవరమూ అడ్డు చెప్పడం లేదు, రాత్రి బస సంగతి వేరు. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన మేరలో బస చేయాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో చెత్త వేయరాదని 27వ సెక్షను, అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయరాదని 30వ సెక్షను చెబుతున్నాయి. ఎండిన కిక్కిస గడ్డి పక్కన మంట ఎంత చిన్నదైనా ప్రమాదమే.

వేకువ_నడక: ఇటుకల మధ్యనున్న మంట కిక్కిసకు ఎలా పాకుతుందో దయచేసి వివరించండి.

కైకలూరు_బాటసారి: ఫ్లాస్కులో టీ తెచ్చుకుంటే ఈ తగవే ఉండదు గదా!

ఉప్పుటేరు: పొయ్యి గొడవలో పడి అసలు సంగతి మరిచారు. కాలకృత్యాలకు నీటికి దూరంగా జానెడు గుంట తవ్వి పూడ్చమని కొండ ప్రాంతాలలో శిబిరాలు వేసేవారు చెబుతారు. ఇక్కడ గట్టు దిగితే, కొద్దిగా తవ్వగానే నీరు ఊరే నేల. ఆ పద్ధతి పనికిరాదు. అదీ మూటగట్టి తెస్తారా?

వేకువ_నడక: తెస్తాము. ఇటుకల ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు.

లంక_వాసి: జవాబు కావాలా? 2006లో 5వ కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తును చూపే హద్దు గీత) లోపలి చేపల చెరువుల గట్లు తెంచినప్పుడు మా ఇంటి వాటా కూడా నీళ్లలో కలిసింది. పక్షుల కోసమన్నారు, ఊరుకున్నాము. ఇప్పుడు అదే పక్షుల పక్కన మీరు పొయ్యి పెడతామంటున్నారు.

వేకువ_నడక: అయితే మీ బాధ చెరువు గురించి, పక్షుల గురించి కాదన్నమాట! ఆ గట్లు నీటి దారికి అడ్డుపడినవే. సరస్సు నీరు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు కాలువ ఒక్కటే దిక్కని మీకు తెలియనిది కాదు.

లంక_వాసి: ఔనండీ, నా బాధ అదే, దాచుకోను. అక్కడే పుట్టిన మాకు చట్టం చూపినవారు, సెలవురోజున కారులో వచ్చిన మీకు గట్టు అప్పగిస్తే మేము ఒప్పుకోము. అనుమతి పత్రం తెచ్చుకోండి, లేదా మా ఊరిలో ఎవరింటి అరుగు మీదనైనా పడుకుని చీకటితోనే గట్టెక్కండి. ఒక రాత్రి బసకు మా వాళ్లకు నాలుగు రూపాయలు ఇస్తే మీ సొమ్మేమీ పోదు.

ఉప్పుటేరు: ఈ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది.

వేకువ_నడక: అరుగు మాట బాగానే ఉన్నది, మిత్రులను అడిగి చెబుతాను. ఇటుకల మధ్య మంట పాకదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.