అప్‌డేట్: లిటిల్ మోర్టన్ హాల్ పైఅంతస్తు వంకర సంగతి

ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో ఉన్న ఈ ఓక్ కర్ర భవనం అంతలా వంకరపోయి కూడా ఎందుకు కూలలేదని ఇంతకుముందు ఓ పోస్టులో అడిగాను. జవాబులన్నీ చూశాక తేలింది ఇదీ.

వంకరకి పునాది కుంగడం ఒక్కటే కారణం అనుకున్నాను, పొరపాటు. 1500ల మొదట్లో మొదలైన ఇంటి దక్షిణ భాగం మీద, ఆ శతాబ్దం రెండో సగంలో సుమారు 68 అడుగుల పొడవైన లాంగ్ గ్యాలరీ (నడవా లాంటి పొడవాటి గది) ఎక్కించారు. దాని కప్పు రాతి పలకలది. ఆ బరువుకి కింది దూలాలు వంగాయి. తర్వాతి కాలంలో ఉక్కు కడ్డీలు వేసి బిగించారు.

కూలకపోవడానికి అసలు కారణం అతుకులు. దూలం కొనని నాలుకలా చెక్కి, స్తంభం గాడిలో దూర్చి, ఓక్ చీల దిగగొడతారు. కిటుకేమిటంటే నాలుకలోని రంధ్రాన్ని స్తంభం రంధ్రానికి సరిగ్గా ఎదురుగా కాక, కాస్త నాలుక మొదలు వైపుకి జరిపి తొలుస్తారు. చీల దిగేకొద్దీ అతుకు బిగుస్తుంది. పచ్చికర్ర ఎండి ముడుచుకున్నా వదలదు. ఫ్రేమ్ వంగుతుంది గానీ విడిపోదు.

మరమ్మతులో పెద్ద తప్పు సిమెంటు. కర్రకీ గోడకీ మధ్య సందుల్లో దాన్ని పూస్తే, లోపలికి చేరిన వాననీరు బయటికి ఆరదు, ఓక్ కుళ్లుతుంది. సున్నమే వాడాలి.

ఇంకోటి: ఇలాంటి ఇళ్ల మీద కనిపించే నలుపు తెలుపు రంగులు ఇవి కట్టిన ట్యూడర్ రాజుల కాలంవి (16వ శతాబ్దం) కావు, 19వ శతాబ్దపు విక్టోరియన్ ముచ్చట. మొదట్లో ఓక్‌ని రంగెయ్యకుండా వదిలేసేవారు, వెండి బూడిద రంగుకి తిరిగేది. నాకైతే అదే అందం.