థీసిస్ చాప్టర్‌ను జర్నల్ పేపర్‌గా మార్చాలె: బోరు నీళ్ల డేటా, పాత వరంగల్ జిల్లా

హన్మకొండ స్కాలర్

అందరికీ నమస్తే. పర్యావరణ శాస్త్రంల పీహెచ్‌డీ చేస్తున్న. హన్మకొండ, పరకాల, కమలాపూర్, నర్సంపేట, జనగామ చుట్టుపక్కల బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్, నైట్రేట్ మీద నా పని. మొత్తం 60 బోర్లు. ప్రతి బోరు నుంచి వానలకు ముందు మే నెలల ఒకసారి, వానలు పోయినంక నవంబర్‌ల ఒకసారి శాంపిల్ తీసిన. థీసిస్‌ల ఈ చాప్టర్ 70 పేజీలున్నది, దీన్ని పేపర్‌గ చేసి పంపుమని గైడ్ సార్ అన్నరు.

చాప్టర్‌ను కోసి చిన్నగ చేస్తే సరిపోతదా, మళ్ల మొదటి నుంచి రాయాల్నా? వాటర్ క్వాలిటీ ఇండెక్స్ (నీళ్ల నాణ్యతకు ఒక్క మార్కు), హెల్త్ రిస్క్, పైపర్ డయాగ్రం (నీళ్లల్ల ఏ అయాన్లు ఎక్కువున్నయో చూపే బొమ్మ), గిబ్స్ ప్లాట్ (నీళ్లల్ల లవణాలు రాయి నుంచా, వాన నుంచా, ఆవిరి వల్లనా అని చూపే బొమ్మ) అన్నీ చేసిన. అన్నీ పెట్టాల్నా? మ్యాప్ ఎట్లుండాలె? జిల్లా పేరు పాత వరంగల్ అని రాయాల్నా, కొత్త జిల్లాలు రాయాల్నా? ఏ జర్నల్ అన్నది ఇంకా అనుకోలే. తెలిసినోళ్లు జర వివరంగ చెప్పండి.


నీటి రసాయనం

కోసి చిన్నగా చేయడం కుదరదు, మళ్లీ రాయాల్సిందే. థీసిస్ పరీక్షకుడికి మీరు చేసిన పనంతా కనబడాలి కాబట్టి చాప్టర్ అంత పెరిగింది. జర్నల్ ఎడిటర్ మాత్రం ఈ పేపర్ ఏ ప్రశ్నకు జవాబిస్తుందో మొదటి పేజీలోనే వెతుకుతారు.

ఆ ప్రశ్న మీ డేటాలోనే ఉంది. ఫ్లోరైడ్ పరిమితి దాటిందన్న మాట మన గ్రానైట్ నేలకు కొత్త కాదు. రాతిలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ అనే ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుందనీ, కాల్షియం తక్కువై సోడియం బైకార్బొనేట్ ఎక్కువైన చోట అది పెరుగుతుందనీ ఎంతోమంది రాశారు. మీ బలం వేరే ఉంది: అవే బోర్లను రెండు కాలాల్లో కొలిచారు. ఫ్లోరైడ్ రాతి నుంచి వస్తే, నైట్రేట్ ఎక్కువగా ఎరువుల నుంచి, పెంటకుప్పల నుంచి, సెప్టిక్ ట్యాంకుల నుంచి వస్తుంది. వానల తర్వాత ఈ రెండూ ఒకే వైపు నడిచాయా, ఎదురెదురుగా నడిచాయా, ఏ బోర్లలో ఎలా? పేపర్ మొత్తం దీని చుట్టూ కట్టండి. ప్రతి బోరుకు రెండు విలువలు జతగా ఉన్నాయి కాబట్టి జతల తేడాలను పరీక్షించే విల్‌కాక్సన్ సైన్డ్ ర్యాంక్ పరీక్ష వాడండి. మే శాంపిళ్లను ఒక గుంపుగా, నవంబర్ శాంపిళ్లను ఇంకో గుంపుగా విడదీసి మామూలు టీ-టెస్ట్ చేస్తే అదే బోరును రెండుసార్లు కొలిచిన లాభమంతా పోతుంది. నైట్రేట్ విలువలు సాధారణంగా ఒకవైపుకు సాగి ఉంటాయి, అందుకే సగటుతో పాటు మధ్యగతం (మీడియన్) కూడా ఇవ్వండి.

రాయడం మొదలుపెట్టకముందే అంకెలు సరిచూడండి. ప్రతి శాంపిల్‌లో క్యాటయాన్లను (ధన అయాన్లు), ఆనయాన్లను (రుణ అయాన్లు) మిల్లీ ఈక్వివలెంట్లలోకి (చార్జ్ లెక్కలోకి) మార్చి చార్జ్ బ్యాలెన్స్ తీయండి. రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగించి 100తో గుణిస్తే శాతం వస్తుంది. 5 శాతం లోపు ఉంటే మంచిది, 10 దాటితే ఆ విశ్లేషణను నమ్మలేం. కొందరు సోడియం కొలవకుండా లెక్కలో మిగిలినదాన్ని సోడియంగా రాస్తారు. అప్పుడు అన్ని శాంపిళ్లకూ తేడా సున్నా వస్తుంది, ఆ సున్నాలను చూడగానే రివ్యూయర్‌కు విషయం అర్థమవుతుంది.

హెల్త్ రిస్క్ లెక్కలో ఒక పెద్ద తప్పు పేపర్ నుంచి పేపర్‌కు పాకుతోంది. నైట్రేట్‌కు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చిన రిఫరెన్స్ డోస్ (రోజూ తీసుకున్నా హాని ఉండదనుకునే మోతాదు) రోజుకు కిలో బరువుకు 1.6 మిల్లీగ్రాములు. అది నైట్రోజన్ లెక్కలో ఇచ్చిన అంకె. మన ల్యాబుల్లో ఫలితం నైట్రేట్ లెక్కలో రాస్తాం. నైట్రేట్‌ను నైట్రోజన్‌గా మార్చాలంటే 4.43తో భాగించాలి. లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న నీళ్లు 60 కిలోల మనిషి రోజుకు రెండున్నర లీటర్లు తాగితే, మార్చకుండా చేసిన లెక్కలో హజార్డ్ కోషెంట్ (తాగిన మోతాదును రిఫరెన్స్ డోస్‌తో భాగిస్తే వచ్చేది, 1 దాటితే ప్రమాదం) 1.17 వస్తుంది. మార్చి చేస్తే 0.26. అంటే ప్రమాదం ఉందన్న నిర్ణయమే తలకిందులవుతుంది. మీ ఎక్సెల్ షీట్‌లో ఇది ముందు చూడండి.

పరిమితుల విషయంలోనూ జాగ్రత్త. భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) ఫ్లోరైడ్‌కు ఆమోద పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము అంటుంది, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ సూచన 1.5. నైట్రేట్‌కు మన ప్రమాణంలో 45, దానికి సడలింపు లేదు. ఎన్ని బోర్లు దాటాయో చెప్పేటప్పుడు ఏ అంకెతో పోల్చారో ప్రతిసారీ రాయాలి. సారాంశంలో 1.0, చర్చలో 1.5 పెట్టి రెండు వేర్వేరు సంఖ్యలు ఇచ్చిన మాన్యుస్క్రిప్టులు చాలా వస్తుంటాయి.

మెథడ్స్‌లో "ప్రామాణిక పద్ధతులు పాటించాం" అని ఒక్క వాక్యం చాలదు. ఫ్లోరైడ్‌కు అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ వాడితే టిసాబ్ ద్రావణం (అయాన్ బలాన్ని, పీహెచ్‌ను సర్దేది) ఎంత పాళ్లలో కలిపారు, ఏ స్టాండర్డ్లతో క్యాలిబ్రేట్ చేశారు, స్లోప్ ఎంత వచ్చింది రాయాలి. 25 డిగ్రీల దగ్గర అది గాఢత పది రెట్లు మారితే 59 మిల్లీవోల్టులకు దగ్గరగా ఉండాలి. నైట్రేట్‌ను యూవీలో 220 నానోమీటర్ల దగ్గర చదివితే, సేంద్రియ పదార్థం వల్ల వచ్చే తేడా తీసేయడానికి 275 దగ్గర కూడా చదివారా లేదా చెప్పాలి. బ్లాంకులు, డూప్లికేట్లు, గుర్తింపు పరిమితి ఇవ్వాలి. నీటి పరీక్షల పద్ధతులు చెప్పే ఏపీహెచ్‌ఏ పుస్తకం ఏ ఎడిషనో రాయాలి.

ఇక ఏది ఉంచాలి అంటారా? పైపర్ ఉంచండి. గిబ్స్ ప్లాట్ నదుల, సరస్సుల నీళ్ల కోసం పుట్టింది, భూగర్భజలాల పేపర్లో దాని మీదే వాదన నిలబెడితే ప్రశ్నలు వస్తాయి. ఫ్లోరైట్ సంతృప్త సూచీ (నీళ్లలో ఫ్లోరైట్ ఇంకా కరుగుతుందా, అడుగుకు దిగుతుందా అని చెప్పేది) లెక్కించి దాని స్థానంలో పెడితే మీ వాదనకు నేరుగా ఉపయోగపడుతుంది. వాటర్ క్వాలిటీ ఇండెక్స్ తీసేయమనే నా సలహా. దానిలోని తూకాలు ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకున్నవి, పైగా మీ ప్రశ్నకు దాంతో పనిలేదు. 60 బోర్ల పూర్తి పట్టిక సప్లిమెంటరీలోకి పోవాలి.

ముందు బొమ్మలు, పట్టికలు తయారు చేసి వరుసలో పెట్టుకోండి. ఆరేడు చాలు. తర్వాత మెథడ్స్, ఫలితాలు, చర్చ, చివరికి ఇంట్రడక్షన్, అన్నిటికన్నా ఆఖర్న సారాంశం. ఇంట్రడక్షన్‌లో ప్రపంచంలో నీటి కొరత నుంచి మొదలుపెట్టకండి. రెండో పేరాకల్లా మన గ్రానైట్ ప్రాంతానికి, నాలుగో పేరాకల్లా మీ ప్రశ్నకు రావాలి.


కాజీపేట మ్యాపులు

జిల్లా పేరు సంగతి చిన్నది అనుకోకు తమ్మీ, దీంట్ల చానా మంది పప్పుల కాలేస్తరు. 2016 అక్టోబర్‌ల పాత వరంగల్ జిల్లాను విడగొట్టిండ్రు. 2019ల ములుగు వేరే జిల్లా అయింది. 2021ల వరంగల్ అర్బన్‌కు హన్మకొండ అని, వరంగల్ రూరల్‌కు వరంగల్ అని పేర్లు మార్చిండ్రు, అప్పుడే పరకాల హన్మకొండ జిల్లాలకు వచ్చింది. అంటే ఉట్టిగ "వరంగల్ జిల్లా" అని రాస్తే చదివేటోనికి అది మూడు తీర్ల అర్థమైతది. ఇంకో మెలిక కూడా ఉన్నది. నీ కమలాపూర్ పాత కరీంనగర్ జిల్లాది, 2016లనే ఇటు కలిసింది. చేర్యాల పాత వరంగల్‌ది, సిద్దిపేటకు పోయింది. అందుకే ఇప్పటి జిల్లాలన్ని కలిపి గీసినా పాత వరంగల్ గీత రాదు.

ఇట్ల చెయ్యి: ఇప్పటి జిల్లా పేర్లు, మండలాల పేర్లు వాడు. మెథడ్స్‌ల ఒక్క వాక్యం రాయి, సరిహద్దులు 2021 తర్వాతవి అని. జనాభా కావాలంటే 2011 లెక్కలను జిల్లా మొత్తంగ తీసుకోకు, అవి పాత జిల్లావి. మండలం వారీగ, ఊరు వారీగ తీసి కూడబెట్టు. పాత పేపర్లతోటి పోల్చేటప్పుడు కూడ వాళ్ల "వరంగల్" ఏదో చూసి పోల్చు.

మ్యాప్‌ల ఇండియా బొమ్మ పెడితే సరిహద్దు సర్వే ఆఫ్ ఇండియాది వాడాలె. బయట ఫ్రీగ దొరికే షేప్‌ఫైళ్లల్ల కొన్నింట్ల జమ్మూ కశ్మీర్ గీత తేడా ఉంటది. స్కేల్ బార్, ఉత్తరం గుర్తు, అక్షాంశ రేఖాంశాలు ఉండాలె, డేటమ్ (కోఆర్డినేట్లకు ఆధారం) డబ్ల్యూజీఎస్ 84 అని రాయాలె. కోఆర్డినేట్లు డెసిమల్ డిగ్రీలల్ల నాలుగు అంకెల దాకా ఇస్తే చాలు, అది పది మీటర్ల లెక్క. ఐడీడబ్ల్యూతోటి (బోర్ల మధ్య విలువలను అంచనా కట్టే పద్ధతి) రంగులేసి జిల్లా మొత్తం నింపకు. బోర్లు లేని దిక్కు కూడ రంగు పడితే అక్కడ కొలిచినట్టు కనబడుతది. గట్టి రాతి నేలల ఒక బోరుకు, పక్క చేను బోరుకే ఫ్లోరైడ్ తేడా వస్తది. చుక్కలు పెట్టి విలువను బట్టి సైజు, రంగు మార్చు, నిజం గట్లనే కనబడుతది.

బొమ్మల ఫైళ్లు: స్ప్రింగర్ జర్నళ్లకు గీతల బొమ్మ 1200 డీపీఐ, ఫోటో 300, రెండూ కలిసినయి 600. ఒక కాలమ్ వెడల్పు 84 మిల్లీమీటర్లు, పేజీ నిండ 174. క్యూజీఐఎస్‌ల లేఅవుట్‌ను మొదట్నుంచే ఆ వెడల్పుల పెట్టుకో. అచ్చుల అక్షరం 8 పాయింట్లకు తగ్గొద్దు. ఏ4 సైజుల గీసి తర్వాత సగానికి గుంజితే అక్షరాలు చీమలెక్క అయితయి. ఎక్సెల్ చార్టును వర్డ్‌ల అతికించి, మళ్ల అక్కడి నుంచి సేవ్ చేసి పంపితే బొమ్మ మసకబారుతది, ఎందుకంటే వర్డ్ బొమ్మలను 220 పీపీఐకి కుదిస్తది. ఆప్షన్స్‌ల అడ్వాన్స్‌డ్‌కు పోయి కుదించొద్దు అన్న దగ్గర టిక్ పెట్టు, అయినా సరే టిఫ్ ఫైల్ వేరేగనే పంపు. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వాడకు, కొంతమందికి ఆ రెండు రంగులు తేడా తెల్వవు.


హన్మకొండ స్కాలర్

నైట్రేట్ లెక్క చూసిన, నైట్రోజన్‌లకు మార్చలేదు. మొత్తం మళ్ల చేస్తున్న. కమలాపూర్ సంగతి కూడ దిద్దుకుంట. జర్నల్ గురించి ఎవరన్న చెప్పండి. 15 రోజులల్ల స్కోపస్ (జర్నళ్ల డేటాబేస్) పేపర్ గ్యారంటీ అని వాట్సాప్ మెసేజ్‌లు వస్తున్నయి. సిమిలారిటీ (వేరే రాతలతోటి కలిసే శాతం) ఎంత ఉండొచ్చు? ఫీజు కట్టే స్తోమత లేదు.


సుబేదారి గైడ్

ఆ మెసేజ్‌లకు జవాబు కూడా ఇవ్వకండి. సరైన పీర్ రివ్యూకు నెలలు పడుతుంది, తేదీ చెప్పి అంగీకారం అమ్మేవాళ్ల దగ్గర పోయేది డబ్బు ఒక్కటే కాదు. అక్కడ ఒకసారి అచ్చయిన డేటాను మరో మంచి జర్నల్ తీసుకోదు. యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా అయిన యూజీసీ కేర్‌ను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు, దాని పేరు చెప్పి నమ్మించేవాళ్లనూ పట్టించుకోవద్దు. స్కోపస్ సోర్సెస్ పేజీ, వెబ్ ఆఫ్ సైన్స్ మాస్టర్ జర్నల్ లిస్ట్ రెండూ ఉచితంగా చూడవచ్చు. పేరుతో కాకుండా ఐఎస్ఎస్ఎన్‌తో వెతకండి, ఎందుకంటే అసలు జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడుస్తున్నాయి. జర్నల్ స్కోపస్‌లో ఉన్నా, కవరేజీ ఏ సంవత్సరం దాకా ఉందో చూడాలి. మధ్యలో ఆపేసినవి చాలా ఉన్నాయి.

జర్నల్‌ను ఎంచుకునే సులువైన దారి మీ రిఫరెన్సుల్లోనే ఉంది. మీరు ఎక్కువగా ఉదహరించిన గత నాలుగైదేళ్ల పేపర్లు ఎక్కడ వచ్చాయో చూడండి. అందులో రెండు మూడు జర్నళ్ల ఇటీవలి సంచికలు తిరగేసి, ఒక్క జిల్లా స్థాయి అధ్యయనాలు వేస్తున్నారో లేదో గమనించండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (జర్నళ్లకు ప్రభుత్వ చందా) ఉంది, లైబ్రరీలో అడిగితే పూర్తి పేపర్లు చదవవచ్చు.

ఫీజు గురించి: పూర్తి ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) జర్నల్ అయితే చాలావాటిలో అంగీకరించాక కట్టాల్సి ఉంటుంది. హైబ్రిడ్ (రెండు పద్ధతులూ ఉన్న) జర్నల్‌లో సబ్‌స్క్రిప్షన్ పద్ధతి ఎంచుకుంటే సాధారణంగా రచయిత ఏమీ కట్టనక్కర్లేదు, రంగుల బొమ్మలకు, అదనపు పేజీలకు ఏమన్నా ఉందేమో మాత్రం ముందే చదవండి. అంగీకారం వచ్చాక ఒప్పందం ఫారంలో ఓపెన్ యాక్సెస్ అన్నది టిక్ చేస్తే ఇన్వాయిస్ వస్తుంది. ఆ పేజీ నిదానంగా చదివి నొక్కండి.

సిమిలారిటీకి యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు శిక్ష లేదు, 10 నుంచి 40 మొదటి స్థాయి. జర్నళ్లు ఈ అంకెను పట్టుకుని కూర్చోవు. మొత్తం 9 శాతమే అయినా చర్చలో ఒక పేరా అంతా ఒకే పేపర్ నుంచి వస్తే తిప్పి పంపుతారు. మెథడ్స్‌లో పరికరాల పేర్లు, రసాయనాల పేర్లు కలవడం సహజం. పర్యాయపదాలు మార్చే సాఫ్ట్‌వేర్ మాత్రం వాడకండి, అది "గ్రౌండ్ వాటర్" అన్న పారిభాషిక పదాన్ని కూడా మార్చేస్తుంది, రివ్యూయర్‌కు వెంటనే కనబడుతుంది. పేపర్ మీ థీసిస్‌లో భాగమని కవర్ లెటర్‌లో ఒక వాక్యం రాయండి. భాష దిద్దడానికి ఏఐ వాడితే జర్నల్ చెప్పిన చోట ఆ మాట రాయాలి, రచయితల్లో దాని పేరు పెట్టకూడదు.

రచయితల వరుస సబ్మిట్ చేయకముందే అందరితో మెయిల్‌లో ఖాయం చేసుకోండి. తర్వాత ఒక పేరు చేర్చాలన్నా, తీయాలన్నా అందరి సంతకాలతో ఫారం అడుగుతారు. ఎవరు ఏం చేశారో రాయడానికి క్రెడిట్ పద్ధతిలో 14 పాత్రలున్నాయి, శాంపిళ్లు తీసినవాళ్ల పని కూడా అందులో చెప్పవచ్చు. నిధులు, ప్రయోజనాల వైరుధ్యం, డేటా లభ్యత ప్రకటనలు లేకపోతే పేపర్ ఎడిటర్ దాకా పోకుండానే వెనక్కి వస్తుంది. వర్డ్‌లో లైన్ నంబర్లు మొదటి నుంచి చివరిదాకా వరుసగా పెట్టండి. రచయితల పేర్లు దాచే రివ్యూ అయితే టైటిల్ పేజీ వేరే ఫైల్‌గా ఇచ్చి, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్‌తో మీ పేరు తుడిచేయండి. రిఫరెన్సులకు జోటెరో వాడండి, వెనక్కి తీసుకున్న పేపర్ ఉంటే అది ఎర్రగా చూపిస్తుంది. ఒకేసారి రెండు జర్నళ్లకు మాత్రం పంపవద్దు.


హన్మకొండ స్కాలర్

చానా థ్యాంక్స్ సార్. చార్జ్ బ్యాలెన్స్ చేసిన. చానా వరకు 5 లోపలనే ఉన్నయి, కొన్ని మాత్రం 6 నుంచి 8 శాతం వచ్చినయి. అన్నీ ఒక్క దిక్కే, క్యాటయాన్లు ఎక్కువ. అవి తీసేయాల్నా?


నీటి రసాయనం

ఇప్పుడే తీసేయకండి. తేడా అటూ ఇటూ ఉంటే కొలతలోని చిన్న పొరపాట్లు అనుకోవచ్చు, ఒకే వైపు ఉంటే ఏదో ఒక అయాన్ అన్నిటిలోనూ తక్కువో, ఎక్కువో పడి ఉండవచ్చు. ఆ శాంపిళ్లు బైకార్బొనేట్ ఎక్కువున్న బోర్లవేనా చూడండి. అయితే ల్యాబ్ రిజిస్టర్‌లో ఆల్కలినిటీని (ఆమ్లాన్ని తటస్థం చేసే శక్తిని) కాల్షియం కార్బొనేట్ లెక్కలో రాసి ఉంటారు. దాన్నే బైకార్బొనేట్ అనుకుని 61తో భాగిస్తే దాదాపు 18 శాతం తక్కువ వస్తుంది. 50తో భాగించాలి, లేదా ముందు 1.22తో గుణించి తర్వాత 61తో భాగించాలి. ఇది దిద్దితే మీ 6, 8 శాతాలు చాలావరకు సర్దుకోవాలి. కాల్షియం, మెగ్నీషియం హార్డ్‌నెస్ లెక్కలో ఉన్నాయేమో కూడా చూడండి. వాటిని 0.4తో, 0.243తో గుణిస్తేనే అసలు అయాన్లు వస్తాయి.

ఇది కాకపోతే ఆల్కలినిటీ టైట్రేషన్ ఎప్పుడు చేశారో రిజిస్టర్‌లో తేదీ చూడండి. ఆమ్లం కలపని సీసా ఎండాకాలంలో రోజుల తరబడి బయట ఉంటే కార్బన్ డయాక్సైడ్ పోయి కార్బొనేట్ అడుగుకు దిగుతుంది, బైకార్బొనేట్ తగ్గుతుంది. క్యాటయాన్ల సీసాలో నైట్రిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి అక్కడ కాల్షియం అలాగే నిలుస్తుంది, అందుకే తేడా క్యాటయాన్ల వైపే వస్తుంది. అలాంటి శాంపిళ్లను ఫ్లోరైడ్, నైట్రేట్ పోలికలో ఉంచవచ్చు. పైపర్ నుంచి, ఫ్లోరైట్ సంతృప్త లెక్క నుంచి మాత్రం తీసి, ఎన్ని తీశారో, ఎందుకు తీశారో మెథడ్స్‌లో రాయండి.