డిస్క్ మాటిమాటికీ డిస్‌కనెక్ట్ అవుతుంటే ముందు మార్చాల్సింది కేబులా, పవర్డ్ హబ్బా?

కొత్తబోర్డు: చిన్న బోర్డు కంప్యూటర్‌కు రెండున్నర అంగుళాల పోర్టబుల్ హార్డ్‌డిస్క్ తగిలించాను. పెద్ద ఫైల్ కాపీ మొదలుపెడితే చాలు, డిస్క్ మాయమైపోతోంది. కాసేపటికి దానంతటదే మళ్లీ వస్తోంది. అడాప్టర్ మీద 5 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంది. పవర్డ్ హబ్ (సొంత అడాప్టర్‌తో నడిచే యూఎస్‌బీ హబ్) కొనమని కొందరు, కేబుల్ మార్చమని కొందరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

డిస్క్‌అలమర: హబ్ తీసుకోండి. తిరిగే డిస్క్‌ను బోర్డు పోర్టు మీద నడపడమే తప్పు. ఇందులో వాదించడానికేముంది?

సోల్డర్: ఉందండీ. కొలవకుండా కొనమనడమే నాకు నచ్చనిది.

అడాప్టర్ మీద రాసిన 3 ఆంపియర్లు అది ఇవ్వగలిగిన గరిష్ఠం. బోర్డు దాకా ఎన్ని వోల్టులు చేరుతున్నాయో ఆ అంకె చెప్పదు. మధ్యలో కేబుల్ ఉంది. 28 ఏడబ్ల్యూజీ (తీగ లావును చెప్పే కొలత) రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓమ్‌లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి మీటరు కేబుల్‌కు 0.42 దాకా లెక్క. బోర్డు ఒక ఆంపియర్, డిస్క్ ఇంకో ఆంపియర్ లాగితే 0.84 వోల్టులు కేబుల్‌లోనే పోతాయి. బోర్డుకు మిగిలేది 4.16. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులు 4.63 దగ్గరే వోల్టేజీ తక్కువైందని హెచ్చరిక చూపిస్తాయి. అదే 24 ఏడబ్ల్యూజీ తీగైతే నష్టం 0.34 మాత్రమే. కేబుల్ తొడుగు మీద ఈ అంకెలు చాలాసార్లు అచ్చువేసి ఉంటాయి, చూడండి. అంకె చిన్నదైతే తీగ లావు.

డిస్క్ మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వోల్ట్‌మీటరు 5.0 చూపిస్తే ఆనందపడి ఆగిపోకండి. కాపీ నడుస్తుండగా, బోర్డు చివరన కొలవండి.

డిస్క్‌అలమర: లెక్క సరే. కానీ పోర్టు హద్దు సంగతి? యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లే, 3.0 అయితే 900. డిస్క్ తిరగడానికి దాదాపు ఒక ఆంపియర్ కావాలంటే, ఎంత లావు కేబుల్ పెట్టినా పోర్టు దాన్ని పెంచి ఇవ్వదు కదా. రాస్ప్‌బెర్రీ పై 4లో నాలుగు పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే. రెండో డిస్క్ పెడితే ఏం చేస్తారు?

సోల్డర్: రెండో డిస్క్ పెడితే హబ్ కావాల్సిందే, అందులో నాకు వాదన లేదు. ఇక్కడ ఉన్నది ఒకటే డిస్క్. పైగా అది మొదట బాగానే తిరిగి, కాపీ భారం పడ్డాక పోతోంది. మోటారు తిరగడానికే పోర్టు చాలకపోతే చాలావరకు మొదట్లోనే తంటా వస్తుంది. అందుకే నా అనుమానం బోర్డుకు వచ్చే వోల్టేజీ మీద.

హబ్ గురించి ఇంకొకటి ఎవరూ చెప్పడం లేదు. కొన్ని హబ్‌లు తమ అడాప్టర్ 5 వోల్టులను కంప్యూటర్ వైపుకే వెనక్కి తోస్తాయి. బోర్డు అడాప్టర్ పీకేశాక కూడా దాని లైటు వెలుగుతుంటే అదే జరుగుతోందన్నమాట. అలాంటి హబ్‌ను వాడకండి, బోర్డుకే ప్రమాదం.

వైర్‌లెస్ మౌస్ తడబడుతుంటే దాన్ని కూడా పవర్ ఖాతాలో వేయకండి. యూఎస్‌బీ 3.0 డిస్క్, దాని కేబుల్ వెదజల్లే రొద 2.4 గిగాహెర్ట్జ్ దాకా వస్తుంది. మౌస్ డాంగిల్‌ను (పోర్టులో పెట్టే చిన్న రిసీవర్‌ను) పొడిగింపు తీగతో దూరం జరిపితే తెలిసిపోతుంది.

కొత్తబోర్డు: కొలిచానండీ. ఖాళీగా 4.9, కాపీ నడుస్తుంటే 4.5కి పడిపోతోంది. కేబుల్ మీద ఏ అంకే లేదు.

సోల్డర్: అయితే పొట్టిగా, లావుగా ఉన్న కేబుల్ పెట్టి ఇదే కొలత మళ్లీ తీయండి. అప్పటికీ 4.5 దగ్గరే ఉంటే అడాప్టర్ చివరన కూడా కొలవండి. అక్కడే తక్కువుంటే అడాప్టర్ మార్చాలి. బోర్డు దగ్గర 4.9 నిలిచి కూడా డిస్క్ పోతుంటే, డిస్క్‌కు వెళ్లే చిన్న తీగను మార్చి చూసి, అప్పుడు హబ్ కొనండి.

డిస్క్‌అలమర: ఆ వరసకు నేనూ ఒప్పుకుంటాను. కానీ ముందు ఆ డిస్క్‌లోని ముఖ్యమైన ఫైళ్లు వేరేచోటికి తీసిపెట్టుకోండి. రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ చెడిపోవచ్చు.